పాట ఎవరిది?

సినిమా పాటను గురించి మన సాహిత్య సభల్లో మాట్లాడవలసి వచ్చినప్పుడు రెండు రకాల మర్యాదలు కనిపిస్తాయి. మొదటిది, అసలు మాట్లాడకపోవడం. రెండోది, వ్రాసినవాడు మనకు కావలసిన కవి అయితే, కావ్యం వ్రాసిన చేత్తోనే దీన్నీ వ్రాశాడు గదా అని మన్నించి నాలుగు మాటలు చెప్పడం. ఈ రెండో మర్యాదను నేను చాలాకాలం పాటించాను. పాటించి ఒక పాటకూ, ఒక కవికీ, అంతకుమించి మా నాన్నకూ అన్యాయం చేశాను. ఆ సంగతి ఇప్పుడైనా చెప్పుకోవాలి. చెప్పుకుంటే, సినిమా పాటను ఎట్లా చదవాలి అన్న ప్రశ్నకు కొంత సమాధానం కూడా దొరుకుతుందని నా నమ్మకం.

మా ఊరు చీరాలకు నాలుగైదు మైళ్ళ దూరంలో ఉన్న నేతపల్లె. ఇంట్లో గుంటమగ్గం ఉండేది. నాన్న నేసేవాడు, అమ్మ రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టేది, బడి లేనప్పుడు నేను తెగిన పోగులు అతికేవాణ్ణి. నూలు షావుకారుది, చీర షావుకారుది, మధ్యనున్న మజూరీ మాది. ఆ మజూరీలోంచి రెండు మూడు నెలలకొక సినిమా. 1957లో వచ్చిన ‘తోడికోడళ్ళు’ మా వైపు టూరింగు టాకీసుకు చేరడానికి మరో ఏడాది పట్టింది. నాకప్పుడు పదేళ్ళు. నేల టిక్కెట్టు కొనుక్కుని ఇసుకలో కూర్చుని చూశాము. బయటికి వస్తూ నాన్న పాటల పుస్తకం కొన్నాడు. ఆ పుస్తకాలు ఎట్లా ఉండేవో పాత పాఠకులకు గుర్తుండే ఉంటుంది. పలచని కాగితం, మొదటి పుటల్లో సగం కథ, తక్కిన సగం వెండితెర మీద చూడమని ఒక మాట, ఆపైన వరసగా పాటలు. నాన్నకు కూడబలుక్కునేపాటి చదువే వచ్చు. నేను చదివితే ఆయన విని పట్టుకునేవాడు.

ఆ చిత్రానికి శరత్ నవల ‘నిష్కృతి’ ఆధారం. ఉమ్మడి కుటుంబపు కథ. కాని నాన్న మనసులో నిలిచింది కథ కాదు. కారులో షికారు వెళ్ళే ఒక అందగత్తెను నిలదీసే పాట ఒకటి అందులో ఉంది. మాస్టర్ వేణు సంగీతం, ఘంటసాల గొంతు. మొదటి చరణం ఆమె బుగ్గల నిగ్గును గురించి అడుగుతుంది. రెండోది ఆమె ఉండే చలువరాతి మేడను గురించి అడుగుతుంది. మూడోది ఆమె కట్టిన చీరను గురించి అడుగుతుంది. మొదటి రెండు చరణాలు నాన్న మగ్గం మీద పాడగా నేనెన్నడూ వినలేదు. మూడోదే పాడేవాడు. అదీ ఘంటసాల పాడినంత వేగంగా కాదు. నాడె అటు వెళ్ళినప్పుడు ఒక మాట, ఇటు వచ్చినప్పుడు ఒక మాట. పోగు తెగితే పాట ఆగేది. అతికిన తరువాత ఆగినచోటి నుంచే మళ్ళీ మొదలయ్యేది.

ఇక నా సంగతి. 1970లో విశాఖపట్నంలో శ్రీశ్రీ షష్టిపూర్తి జరిగింది. ఆ ఉత్సాహం చిన్న చిన్న ఊళ్ళదాకా వచ్చింది. కళాశాల చదువు అప్పుడే ముగించిన నేను మా పట్నంలో జరిగిన ఒక సభలో శ్రీశ్రీ సినిమా పాటలను గురించి మాట్లాడాను. ఉపన్యాసానికంతకూ ఆయువుపట్టు ఆ కారు పాటే. మూడు చరణాలను మూడు ఉత్పత్తి రంగాలుగా విభజించాను, అదనపు విలువ సిద్ధాంతాన్ని వివరించాను, మహాకవి చేతిలో సినిమా పాట కూడా ఆయుధమవుతుందని ముగించాను. చప్పట్లు బాగా మ్రోగాయి. వెనక వరసలో నాన్న కూర్చుని ఉన్నాడు. చీర మాట వచ్చినప్పుడు ఆయన ముందుకు వంగి వినడం నాకు కనిపించింది.

సభ ముగిశాక ఒక రిటైరైన పంతులుగారు నన్ను పక్కకు పిలిచి, “బాబూ, బాగా చెప్పావు. కాని ఆ పాట శ్రీశ్రీది కాదు, ఆత్రేయది” అన్నారు. నేను నమ్మలేదు. పైగా వాదించాను. శ్రమను గురించిన ప్రశ్న, అందులోనూ అంత సూటి ప్రశ్న, మరొకరిది ఎట్లా అవుతుంది? ‘దేశచరిత్రలు’ గేయంలో గొప్ప కట్టడాల వెనకనున్న కూలివాళ్ళను గురించి అడిగిన కవి గాక ఇంకెవరు ఈ మేడను గురించి అడుగుతారు? ఇదీ నా తర్కం. ఆయన నవ్వి ఊరుకున్నారు. కొన్ని వారాల తరువాత రేడియోలో ఆ పాట వేస్తూ రచయిత పేరు ఆత్రేయ అని స్పష్టంగా చెప్పారు.

ఈ పొరపాటు నా ఒక్కడిదే కాదు. ఇప్పటికీ ఆ పాటను శ్రీశ్రీ ఖాతాలో వేసేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఒక చిత్రానికి ఇద్దరు ముగ్గురు కవులు వ్రాసినప్పుడు తెరమీద వాళ్ళ పేర్లన్నీ కలిపి ఒక్కసారే పడతాయి. ఏ పాట ఎవరిదో ప్రేక్షకుడు ఊహించుకోవలసిందే. కాబట్టి పొరబడటం నేరం కాదు. నేరం ఆ తరువాత జరిగింది. మరుసటి నెలలో పక్క ఊళ్ళో అదే ఉపన్యాసం ఇవ్వవలసి వచ్చింది. నేను నిస్సంకోచంగా ఆ పాటను తీసివేశాను. దాని స్థానంలో శ్రీశ్రీదే అని రూఢిగా తెలిసిన మరొక పాట పెట్టుకున్నాను.

నాన్న ఆ సభకూ వచ్చాడు. తిరిగి వస్తూ దారిలో అడిగాడు.

“ఏరా అబ్బాయ్, ఈసారి చీర పాట చెప్పలేదేం?”

“అది శ్రీశ్రీది కాదట నాన్నా. ఆత్రేయదట.”

“అయితే? పాట మారిందా?”

నేను ఏదో చెప్పబోయాను. ఉపన్యాసం శ్రీశ్రీని గురించి గదా అన్నాను. అది నిజమే, కాని పూర్తి నిజం కాదు. ఆత్రేయను గురించి ఎక్కడా ఒక్కమాట కూడా మాట్లాడాలని నాకు తోచలేదు. ఆయన మనసు, ప్రేమ, కన్నీళ్ళు వ్రాసే సినిమా కవి అని మేము తేల్చేసుకున్నాము. ఆయన ‘ఎన్.జి.ఓ.’ వంటి నాటకం వ్రాసినవాడన్న సంగతి కూడా ఆ తీర్పుకు అడ్డు రాలేదు. నాన్నకు ఇవేవీ తెలియవు. కొంచెం దూరం నడిచాక ఆయనే అన్నాడు: “అంచు చూడకుండా, నేత చూడకుండా, మూట మీద షావుకారు ముద్ర చూసి చీర కొనేవాళ్ళు ఉంటారు. నువ్వూ అట్లాగే ఉన్నావు.”

ఆ మాటకు నేను కోపం తెచ్చుకున్నాను. తరువాత సిగ్గుపడ్డాను. పాటలను గురించి నేను కొత్తగా ఆలోచించడం మొదలుపెట్టింది అక్కడినుంచే.

నా ఉపన్యాసాన్ని మళ్ళీ చదువుకుంటే దానిలో పాటలోని మాటలు ఎక్కడా లేవు. పాటలోంచి నేను ముందే నమ్మిన సిద్ధాంతాన్ని బయటికి తీసి చూపించాను, అంతే. ఆ సిద్ధాంతం ఒక కరపత్రంలోనూ దొరుకుతుంది. అటువంటప్పుడు పాట ఎందుకు? నాన్న కరపత్రాన్ని మగ్గం మీద పాడలేదు గదా!

ఈ పాట చేసిన పని ఏమిటో చూద్దాం. సినిమాలో కుర్రవాడు అమ్మాయిని ఆటపట్టించే పాటలు కొల్లలు. ఆమె బుగ్గల్ని, నడకను, చీరను పొగడటం వాటిలో మామూలు. ఆత్రేయ ఆ పాత అచ్చునే తీసుకున్నాడు. ప్రేక్షకుడు మరో సరసపు పాట అనుకుంటూ చెవి ఒగ్గుతాడు. అప్పుడు పొగడ్త ప్రశ్నగా మారుతుంది. ఆమె బుగ్గల నిగ్గు ఎండలో మాడిన కన్నెల ముఖాలనుంచి వచ్చిందంటాడు. మేడరాయి గనులు తొలిచిన ఆకలి కడుపులనుంచి వచ్చిందంటాడు. చీర జిలుగు నేతగాడి బీదబతుకు నుంచి వచ్చిందంటాడు. వరుస కూడా గమనించదగ్గది. శరీరంతో మొదలుపెట్టి, ఇంటికి వెళ్ళి, ఒంటిమీది బట్టతో ముగించాడు. సహజమనుకునే అందం దగ్గరే ముందుగా లెక్క అడిగాడు. ఇంటిని, బట్టను గురించి ఎవరైనా అడగగలరు. బుగ్గ ఎరుపును గురించి అడగడానికి కవి కావాలి.

భాష చూడండి. దోపిడి అన్న మాట కోసం పాటంతా వెతికినా దొరకదు. పెద్ద సమాసాలు లేవు. నోట తిరగని సంయుక్తాక్షరాలు లేవు. ప్రతి చరణమూ ఒక ప్రశ్నగా, ఒక జవాబుగా విరుగుతుంది. అందుకే నాన్న నాడె అటు వెళ్ళినప్పుడు ప్రశ్న, ఇటు వచ్చినప్పుడు జవాబు పాడుకోగలిగాడు. ఇది కవి కూర్చుని మగ్గాన్ని దృష్టిలో పెట్టుకుని చేసిన పని కాకపోవచ్చు. అయినా పనిచేసే శరీరానికి ఒదిగే మాటలు ఎట్లా ఉంటాయో ఆయనకు తెలుసుననడానికి ఇది చాలు.

ఇంతా చెప్పి, ఈ పాటలో నాన్నకు నచ్చని ముక్క ఒకటుందని చెప్పకపోతే మోసం అవుతుంది. మూడో చరణంలో నేతగాడు చినిగిన గుడ్డల్లో కనిపిస్తాడు. నాన్న అక్కడికి రాగానే గొణిగేవాడు. “మన నేత మనం కట్టుకోలేమన్నది నిజమే. కాని చిరుగు కుట్టుకోకుండా వీధిలోకి వచ్చిన నేతగాణ్ణి నేను చూడలేదు. ఆ కవి దూరంనుంచి చూశాడు” అనేవాడు. ఈ విమర్శ ఏ పత్రికలోనూ నేను చదవలేదు. శ్రమజీవిని జాలిగా చిత్రించడంలో అతని పరువును మరిచిపోవడం మన అభ్యుదయ గేయాల్లో తరచుగా కనిపించే లోపం. ఆ లోపాన్ని పట్టుకున్నవాడు పాటను వదిలిపెట్టలేదు సుమా. గొణుక్కుంటూనే పాడుకున్నాడు. మెచ్చుకోవడం, తప్పుపట్టడం ఒకే నోట ఎట్లా ఇముడుతాయో నాకు తెలిసింది ఆ మగ్గం దగ్గరే.

పేరునుబట్టి పాటను చదవడం వల్ల కలిగే నష్టానికి మరో ఉదాహరణ చెబుతాను. 1964లో వచ్చిన ‘డాక్టర్ చక్రవర్తి’లో మనసుకు తోడు కోరుకునే పాట ఒకటి ఉంది. ఘంటసాలే పాడాడు. దాన్ని ఆత్రేయది అనుకునేవాళ్ళు లెక్కలేనంతమంది. అది శ్రీశ్రీ వ్రాసినది. శ్రమను గురించి అడిగింది ఆత్రేయ, మనసును గురించి పలికింది శ్రీశ్రీ. మనం మాత్రం ఒకరిని వీధిలోనూ, ఒకరిని పడకగదిలోనూ కూర్చోబెట్టి తలుపులు వేసుకున్నాము. ఒంటరితనం శ్రమజీవికి ఉండదా? ప్రేమించినవాడికి మేడరాయి ఎక్కడిదన్న అనుమానం రాకూడదా? కవులు ఆ గోడ దాటారు. విమర్శకులం దాటలేకపోయాము.

“సరే, పాట బాగుంది, కాని అదంతా బాణీ మహిమ, మాటలదేముంది?” అనేవాళ్ళు మరొక వర్గం. వీరికి 1955 నాటి ‘రోజులు మారాయి’ని గుర్తుచేయాలి. తాపీ చాణక్య తీసిన ఆ చిత్రంలో వహీదా రెహమాన్ నర్తించిన ఏరువాక పాట కొసరాజు రాఘవయ్య వ్రాసినది. 1960లో ‘బంబై కా బాబూ’ అనే హిందీ చిత్రంలో ఆ బాణీ తిరిగి వినిపించింది. అక్కడ అది ఒక కుర్రవాణ్ణి చూసి ఒక పిల్ల మురిసిపోయే పాట. బాణీ మద్రాసునుంచి బొంబాయికి చేరింది. కాని ఏరువాక చేరలేదు. గంపలోని గింజలు, చద్దిమూట, చేతిలో ముల్లుగర్ర, వెంట నడిచే ఇల్లాలు, ప్రజాసేవ అని అరుస్తూ ఒళ్ళు వంచని పెద్దమనుషులమీద ఆ ఎత్తిపొడుపు, ఇవన్నీ ఇక్కడే మిగిలిపోయాయి. అదే బాణీ రెండుచోట్ల రెండు లోకాలయింది. ఆ రెండింటి మధ్య తేడా ఏదో, అదే మాటల పని. సినిమా కవి శక్తిని కొలవడానికి ఇంతకన్న మంచి తూనిక నాకు దొరకలేదు.

అయితే మాటల్ని బాణీనుంచి విడదీసి కాగితం మీద పెట్టి, పద్యాన్ని చూసినట్టు చూస్తే కవికి మళ్ళీ అన్యాయమే. చాలాసార్లు వరస ముందు పుడుతుంది, మాట తరువాత. దీర్ఘం కావలసినచోట దీర్ఘమే పడాలి. చరణం చివరి మాట పల్లవిలోకి తిరిగి దారి చూపాలి. డబ్బింగు చిత్రమైతే మరీ కష్టం. పరభాషలో కదిలిన పెదవులకు మన మాట అతకాలి. శ్రీశ్రీ 1950లో ‘ఆహుతి’కి చేసినది ఆ పనే. ‘మహాప్రస్థానం’ పుస్తకంగా వచ్చిన సంవత్సరమూ అదే. ఒక పనిలో పడుగు తానే వేసుకున్నాడు, మరొకదానిలో ఎవరో వేసిన పడుగులోకి పేక తోశాడు. రెండూ నేతే. రెండో నేతగాణ్ణి, పడుగు నీవెందుకు వేయలేదని అడగరాదు. ఇచ్చిన పడుగులో ఏమి చేశావని అడగాలి.

ఈ తూనిక పాతపాటలకే పనికివస్తుందనుకోకండి. 2022లో వచ్చిన ‘ఆర్ ఆర్ ఆర్’లోని నాటు పాటకు 2023 మార్చిలో ఆస్కార్ బహుమానం వచ్చింది. బహుమానం సంగీతకర్త కీరవాణికీ, రచయిత చంద్రబోస్‌కూ కలిపి ఇచ్చారు. మా వయసువాళ్ళు కొందరు అందులో కవిత్వమేముంది, గంతులే గదా అన్నారు. నేను మాటలు విన్నాను. దుమ్ములేపే పోట్లగిత్త, పోలేరమ్మ జాతర, జొన్నరొట్టె, మిరపతొక్కు — పల్లె సామాను ఉపమానాల వరుసగా వస్తుంది. కొసరాజు చద్దిమూటకు ఇవి చుట్టాలే. తెల్లదొరల విందులో అవమానం పొందినవాళ్ళు దానికి జవాబుగా తమ ఊరి వస్తువుల్ని ఏకరువు పెట్టడంలో ఒక పౌరుషం ఉంది. దాన్ని కాదనను. కాని కొసరాజు సామాను పొలానికి పోతుంది. ఈ సామాను ఆటకు పోతుంది. అక్కడ ముల్లుగర్ర పనిముట్టు, ఇక్కడ జొన్నరొట్టె గుర్తు. రొట్టె చేసిన చెయ్యి పాటలో లేదు. ఇది నింద కాదు. రెండు పాటల మధ్య పల్లె మన సినిమాకు ఎంత దూరమయిందో చెప్పే కొలత.

సినిమా పాట పెట్టుబడిదారు సరుకు, దానిలో శ్రమను గురించి చెప్పినా అదీ అమ్మకానికే అని కొందరు మిత్రులంటారు. నిజమే. కాని ఆ సరుకును నేసినవాడి మజూరీ సంగతి ఎవరైనా అడిగారా? 1977లో సుప్రీంకోర్టు ఒక తీర్పులో, నిర్మాత డబ్బిచ్చి వ్రాయించుకున్న పాట మీద, వేరే ఒప్పందం లేకపోతే, హక్కు నిర్మాతదేనని చెప్పింది. అంటే నూలు షావుకారుది, చీర షావుకారుది! 2012లో కాపీరైటు చట్టాన్ని సవరించి, సినిమాహాలు బయట పాట సంపాదించే రాయల్టీలో రచయితకు సమానవాటా ఉంటుందని, దాన్ని అతడు వదులుకుంటానని వ్రాసి ఇచ్చినా చెల్లదని శాసించారు. ఆత్రేయ 1989లోనే పోయాడు. చాకిరీ ఎవరిది, సుఖం ఎవరిదని అడిగిన కవి చేసిన చాకిరీ కూడా ఆ లెక్కలోనిదే. సరుకు అని ముఖం తిప్పుకున్న మనకు అది కనిపించలేదు.

అందువల్ల ఇన్నేళ్ళకు నేను తేల్చుకున్నది ఇది. పాటను చదివేటప్పుడు పేరు చూడరాదు. ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారు, బాణీ ఇచ్చిన ఇరుకులో మాట ఏమి సాధించింది, విన్నవాడు పనిలోకి ఏ ముక్క తీసుకుపోయాడు — ఇవి చూడాలి. చదవడం అయిన తరువాత పేరు చెప్పకుండా ఉండరాదు. నాన్న “పాట మారిందా?” అన్నప్పుడు మొదటి సగమే చెప్పాడు. రెండో సగం ఆ పాటే చెబుతోంది. ఈ చీర ఎవరు నేశారని అడిగే పాటను పాడుతూ, ఈ పాట ఎవరు వ్రాశారని అడగకపోవడం కన్న విడ్డూరం ఉంటుందా?

నాన్న పోయి చాలాకాలమయింది. గుంటమగ్గం పూడ్చేసి ఆ చోట గది కట్టుకున్నాము. మనుమరాలు ఫోనులో పాటలు వింటుంది. పాటతోపాటు నటుల బొమ్మ వస్తుంది, చిత్రం పేరు వస్తుంది, పాడినవారి పేరు వస్తుంది. ఆమె ఏ పాట వినిపించినా, “ఎవరు వ్రాశారమ్మా?” అని అడుగుతాను. మొదట్లో విసుక్కునేది. ఇప్పుడు వెతికి చెబుతోంది. మొన్న ఆ కారు పాట తానే వెతికి పెట్టి, “తాతయ్యా, ఇది ఆత్రేయది” అంది. మూడో చరణం వచ్చేదాకా ఇద్దరం విన్నాము.